డ్రాగ్ కారు గేర్‌బాక్స్ కూలర్‌కు మూడు సూత్‌ల పైపా, నాలుగు సూత్‌లదా?

వరంగల్ ఆటోనగర్‌లోనో, కరీంనగర్‌లో గ్రానైట్ క్వారీ మెషీన్లకు హైడ్రాలిక్ పైపులు కట్టే షాపులోనో గేర్‌బాక్స్ కూలర్ లైను, అంటే గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్‌కు పోయి వచ్చే పైపు, కావాలని అడిగితే ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: "ఎన్ని సూత్‌లది గావాలె అన్నా?" సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మూడు సూత్‌లంటే 3/8, నాలుగంటే అర అంగుళం. డ్రాగ్ కారు, అంటే 402 మీటర్ల తిన్నని దారిలో పందెం పరుగెత్తే కారు, తయారుచేసేవాళ్లు చాలామంది ఆలోచించకుండా "నాలుగు సూత్‌లది కట్టు, లావుంటే ఏం నష్టం" అంటారు. పెద్ద నష్టం లేకపోవచ్చు. కానీ చాలా కార్లలో లాభం కూడా ఉండదు, పైగా అసలు ఇరుకు ఎక్కడుందో చూడకుండానే డబ్బు ఖర్చయిపోతుంది.

జవాబు ముందే చెప్పేస్తాం. కూలర్ కారు ముందు భాగంలో ఉండి, పోను రాను కలిపి లైను నాలుగైదు మీటర్లు మించకపోతే, లోపలి రంధ్రం నిజంగా 8 మిల్లీమీటర్లు ఉన్న డ్యాష్ 6 (మూడు సూత్‌ల) లైను చాలు. కూలర్‌ను డిక్కీలో పెట్టి లైను ఏడెనిమిది మీటర్లు సాగదీస్తేనో, ఇంజిన్ పవర్ బాగా పెరిగి ట్రాన్స్‌బ్రేక్ (స్టార్టింగ్‌లో గేర్‌బాక్స్‌ను లాక్ చేసి కారును ఆపి ఉంచేది) మీద ఎక్కువసేపు నిలబడేవాళ్లయితేనో డ్యాష్ 8 (నాలుగు సూత్‌ల) లైనుకు వెళ్లాలి. ఆ మాటలో బరువంతా "నిజంగా" అన్న పదం మీదే ఉంది. మూడు సూత్‌లని చెప్పి కట్టిన పైపులో చివర నిపిల్ (పైపులోకి దూర్చి బిగించే చిన్న గొట్టం) దగ్గర ఐదు మిల్లీమీటర్ల కన్నం మాత్రమే ఉండడం ఈ చుట్టుపక్కల చాలా మామూలు.

ముందు వేడి సంగతి. ట్రాన్స్‌బ్రేక్ నొక్కి స్టార్టింగ్ లైన్ మీద నిలబడ్డప్పుడు గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు తిరగదు, ఇంజిన్ మాత్రం ఫుల్ థ్రాటిల్‌లో ఉంటుంది. ఇంజిన్ ఇచ్చే శక్తి అంతా టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగంలో) ఉన్న ఆయిల్‌ను చిలకడానికే పోతుంది, అదంతా వేడిగా మారుతుంది. అలా కారు కదలకుండా ఇంజిన్ తిరిగే స్టాల్ ఆర్పీఎంలో ఇంజిన్ 200 కిలోవాట్లు, అంటే దాదాపు 270 హార్స్‌పవర్ ఇస్తోందనుకుందాం. రెండు సెకన్లు పట్టుకుంటే 400 కిలోజౌళ్లు. కన్వర్టర్‌లో నాలుగు లీటర్ల ఆయిల్ ఉంటే దాని బరువు మూడున్నర కిలోల లోపే. కిలో ఆయిల్ ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 2 కిలోజౌళ్లు పడుతుంది. లెక్క వేస్తే రెండు సెకన్లలో 58 డిగ్రీల పెరుగుదల. కొంత వేడిని కన్వర్టర్ ఇనుము తాగేస్తుంది, అయినా 80 డిగ్రీల దగ్గర ఉన్న ఆయిల్ ఒక్క లాంచ్‌తో 120 దాటడం వింతేమీ కాదు.

ఆ రెండు సెకన్లలో కూలర్ లైనులోంచి ఎంత ఆయిల్ పోతుంది? నిమిషానికి 10 లీటర్ల ప్రవాహం ఉన్నా, లీటరులో మూడో వంతు. మూడు నాలుగు ఛాయ్ గ్లాసులు. పైపు మూడు సూత్‌లదైనా నాలుగు అంగుళాలదైనా లాంచ్ వేడిని ఆ క్షణంలో బయటికి తీసుకెళ్లడం కుదరదు. 402 మీటర్ల పరుగు పది పన్నెండు సెకన్లలో అయిపోతుంది కాబట్టి పరుగు మొత్తంలో కూడా కూలర్ గుండా వెళ్లేది రెండు లీటర్లే. డ్రాగ్ కారులో కూలర్ పని చేసేది బర్నౌట్ (టైర్లు వేడెక్కడానికి నిలబడ్డ చోటే చక్రాలు తిప్పడం) తర్వాత లైనులో నిలబడ్డప్పుడు, పరుగు అయ్యాక తిరిగొచ్చే దారిలో, పిట్‌లో ఐడిల్‌లో ఉన్నప్పుడు. ఐడిల్‌లో ప్రవాహం నిమిషానికి మూడు నాలుగు లీటర్లే ఉంటుంది. అంత తక్కువ ప్రవాహానికి 8 మిల్లీమీటర్ల రంధ్రం అడ్డే కాదు.

అయితే సైజు గురించి ఎందుకు పట్టించుకోవాలంటే లూబ్రికేషన్ కోసం. జీఎం కంపెనీ టీహెచ్‌350, టీహెచ్‌400 లాంటి టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ బాక్సులు చాలావాటిలో ఆయిల్ దారి ఇలా ఉంటుంది: పంపు నుంచి ప్రెషర్ రెగ్యులేటర్‌కు, అక్కడి నుంచి కన్వర్టర్‌లోకి, కన్వర్టర్ నుంచి బయటికొచ్చి కూలర్‌కు, కూలర్ నుంచి తిరిగొచ్చి బుష్‌లకు, ప్లానెటరీ గేర్లకు. అంటే కూలర్ నుంచి తిరిగొచ్చే ఆయిలే బాక్సుకు కందెన. ఆ లైను ఇరుకైతే మీటర్‌లో టెంపరేచర్ మామూలుగానే కనిపిస్తుంది, గేర్లు పడుతూనే ఉంటాయి, వెనక మాత్రం బుష్ నీలంగా మాడి, ప్లానెటరీ పిన్నులు అరిగిపోతుంటాయి. బాక్సు విప్పాక అందరూ బిల్డ్ చేసిన మెకానిక్‌నే తిడతారు. తప్పు చాలాసార్లు బయట, ఓ చిన్న మోచేయి ఫిట్టింగ్‌లో ఉంటుంది.

ఇప్పుడు రంధ్రాల లెక్క. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

డ్యాష్ నంబరు అంటే అంగుళంలో పదహారో వంతులు. డ్యాష్ 6 అంటే 6/16, అదే మూడు సూత్‌లు. డ్యాష్ 8 నాలుగు సూత్‌లు. గొడవ ఏమిటంటే ఈ కొలత ఒక్కో రకం పైపులో ఒక్కో చోట కొలుస్తారు. ఇనుప ట్యూబులో అది బయటి కొలత: 3/8 ట్యూబు గోడ 0.9 మిల్లీమీటర్లుంటే లోపల మిగిలేది 7.7. చాలా పాత జీఎం కార్లలో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 5/16 లైను, మన భాషలో రెండున్నర సూత్‌లది, లోపల 6.5 మిల్లీమీటర్లే. జాలీ చుట్టిన టెఫ్లాన్ పైపు, అంటే 100ఆర్14 రకం, డ్యాష్ 6లో లోపల 7.9, డ్యాష్ 8లో 10.3 మిల్లీమీటర్లు. అదే జేసీబీలకూ ట్రాక్టర్లకూ కట్టే 100ఆర్1, ఆర్2 రబ్బరు పైపుల్లో డ్యాష్ నంబరు నేరుగా లోపలి కొలత: డ్యాష్ 6 అంటే 9.5, డ్యాష్ 8 అంటే 12.7. కాబట్టి షాపులో "మూడు సూత్‌లది" అని ఇచ్చిన రబ్బరు పైపు లోపలి కన్నం, ఆన్‌లైన్‌లో కొన్న డ్యాష్ 8 టెఫ్లాన్ పైపు కన్నానికి దగ్గరగా ఉంటుంది. సైజు పేరు చెప్పి ఆర్డరివ్వకండి. లోపలి మిల్లీమీటర్లు అడగండి.

80 డిగ్రీల దగ్గర ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) నిమిషానికి 10 లీటర్లు పోతుంటే నాలుగు మీటర్ల లైనులో ఎంత ప్రెషర్ పోతుందో చూద్దాం. 6.5 రంధ్రంలో సుమారు 1.4 బార్. 8లో 0.6 బార్. 10.3లో 0.2 బార్‌కు కాస్త పైన. రంధ్రం సైజు కొద్దిగా మారినా తేడా ఇంత ఎందుకంటే, ఆయిల్ నింపాదిగా పారేటప్పుడు ప్రెషర్ నష్టం వ్యాసం నాలుగో ఘాతంతో మారుతుంది. 6.5 నుంచి 8కి వస్తే నష్టం సగానికన్నా తక్కువకు పడిపోతుంది, అంటే ముప్పావు బార్ దాకా ఆదా. 8 నుంచి 10.3కి వెళ్తే మళ్లీ మూడో వంతుకు దిగుతుంది, కానీ ఆదా అయ్యేది 0.4 బార్ మాత్రమే. మొదటి మార్పు తప్పనిసరి. రెండోది లైను పొడవును బట్టి. డిక్కీలో కూలర్ పెట్టి ఏడు మీటర్లు లాగితే 8 మిల్లీమీటర్ల లైనులోనే ఒక బార్ పైన పోతుంది, అక్కడ డ్యాష్ 8 పెడితే 0.4 దగ్గర ఆగుతుంది. అప్పుడు నాలుగు సూత్‌లకు పెట్టిన డబ్బుకు అర్థం ఉంది.

ఈ లెక్క వేడి ఆయిల్‌ది. 40 డిగ్రీల దగ్గర ఏటీఎఫ్ మూడు రెట్లు చిక్కగా ఉంటుంది, డిసెంబరు పొద్దున ఇంకా చిక్కన. గేజు పెట్టి చూసేవాళ్లు చల్లటి ఇంజిన్ మీద వచ్చిన అంకె చూసి కంగారుపడొద్దు.

ఇక ఫిట్టింగులు. పైపు 8 మిల్లీమీటర్లు, కానీ చివర ప్రెస్ చేసిన నిపిల్ లోపల 5 మిల్లీమీటర్లు అనుకోండి. పైపులో సెకనుకు 3.3 మీటర్ల వేగంతో వచ్చే ఆయిల్ ఆ ఐదు మిల్లీమీటర్లలో ఎనిమిదిన్నర మీటర్ల వేగం అందుకోవాలి. అది పదునైన మూల ఉన్న 90 డిగ్రీల మోచేయి కూడా అయితే ఒక్క ఫిట్టింగ్ దగ్గరే 0.4 బార్ దాకా పోతుంది. అంటే ఒక మోచేయి మూడు మీటర్ల పైపుతో సమానం. అలాంటివి రెండు వైపులా కలిపి నాలుగు ఉంటాయి చాలా కార్లలో. నాలుగు సూత్‌ల పైపు కొని చివర్లలో ఇలాంటి మోచేతులు పెట్టించుకుంటే, రెండున్నర సూత్‌ల పాత ఇనుప లైనుకన్నా అధ్వానంగా తయారవుతుంది.

అదే 7 మిల్లీమీటర్ల నేరు అడాప్టర్ అయితే పోయేది 0.06 బార్ చుట్టూ, పట్టించుకోనవసరం లేదు. పొట్టి ఇరుకును ఆయిల్ సహిస్తుంది, మరీ చిన్నదై మూల తిరిగితేనే ఇబ్బంది. అందుకే గేర్‌బాక్స్ కేసింగ్‌లో ఉన్న రంధ్రం పైపుకన్నా కొంచెం చిన్నగా ఉందని దాన్ని డ్రిల్ చేసి పెద్దది చేయాలనే ఆలోచన మానుకోండి. అల్యూమినియం పొడి బాక్సులోకి పోతే అన్నీ అయిపోయినట్టే.

చూసే పద్ధతి సులభం. 7 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ తీసుకోండి. దాని మొనవైపు వద్దు, చక్‌లో పట్టుకునే నున్నటి వెనకవైపు వాడండి. కట్టించిన పైపు రెండు చివర్లలో నిపిల్‌లోకి ఆ నున్నటి భాగం వదులుగా జారాలి. ఆగిపోయిందంటే రెండు కారణాలు: నిపిల్ చిన్న రంధ్రంతో వచ్చినది, లేదా క్రింపింగ్ మెషీన్‌లో ఎక్కువ నొక్కడం వల్ల నిపిల్ గొట్టం లోపలికి నలిగింది. రెండోది తరచూ జరుగుతుంది. నొక్కకముందు ఒకసారి, నొక్కాక ఒకసారి షాపు ముందే నిలబడి ఆ డ్రిల్ బిట్ వెనకవైపు దూర్చి చూస్తే అక్కడికక్కడే తేలిపోతుంది. తర్వాత పైపును లైటు వైపు పెట్టి ఒక కన్నుతో చూడండి. చిన్న పైపుల్లో లోపలి టెఫ్లాన్ ముడుచుకుపోయి ఉంటే నెలవంకలా సగం మూసుకున్నట్టు కనిపిస్తుంది. మోచేయి అవసరమైన చోట మలిచిన ట్యూబు ఉన్న, పెద్ద వంపు తిరిగే రకం అడగండి. దిమ్మెలో రెండు వైపుల నుంచి డ్రిల్ కొట్టి చేసిన చదరపు మోచేయి చవక, కానీ దాని లోపల మూల కత్తిలా ఉంటుంది.

షాపువాళ్లు పైపు గొప్పదనం చెప్పేటప్పుడు ప్రెషర్ అంకె చెబుతారు. మూడు సూత్‌ల ఆర్1 పైపు 180 బార్ తట్టుకుంటుంది అంటారు, నిజమే. కూలర్ లైనులో ఉండే ప్రెషర్ అందులో వందో వంతుల్లో ఉంటుంది, ఆ గొప్ప మనకు అక్కర్లేదు. మనం చూడాల్సింది వేడి. ఆర్1, ఆర్2 రబ్బరు పైపులకు సాధారణ పరిమితి 100 డిగ్రీలు. పైన వేసిన లెక్క ప్రకారం లాంచ్ తర్వాత కన్వర్టర్ నుంచి బయటికొచ్చే ఆయిల్ దాన్ని దాటేస్తుంది. ఆరు నెలలు బాగానే ఉండి, తర్వాత లోపలి రబ్బరు పెళుసై పొరలు పొరలుగా ఊడి వాల్వ్ బాడీలోకి (గేర్లు మార్చే ఆయిల్ వాల్వులుండే దిమ్మెలోకి) పోతుంది. టెఫ్లాన్ పైపు 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. వరంగల్‌లో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పారిశ్రామిక పైపుల షాపుల్లో అడగండి. స్టీమ్‌కీ కెమికల్ ప్లాంట్లకీ ఇదే వాడతారు కాబట్టి వాళ్లకు కొత్త వస్తువేం కాదు.

రేసు పని కాకుండా మామూలుగా రోడ్డు మీద తిరిగే కారుకైతే ఎస్‌ఏఈ జే1532 అని ముద్ర ఉన్న ట్రాన్స్‌మిషన్ కూలర్ రబ్బరు పైపు కూడా చెల్లుతుంది. పెట్రోలు పైపు మాత్రం వాడకండి. చూడ్డానికి ఒకేలా ఉంటుంది, క్లిప్ బిగించగానే ఆగుతుంది, నాలుగు వేడి పరుగుల తర్వాత గట్టిపడి క్లిప్ కింద నుంచి చెమ్మ మొదలవుతుంది. ఆ చెమ్మ ఎగ్జాస్ట్ హెడర్ మీద పడితే మంటలే. అమెరికా డ్రాగ్ రేసుల సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమాల్లో ఫ్యాక్టరీవి కాని ట్రాన్స్‌మిషన్ లైన్లు లోహపువో, హై ప్రెషర్ రకం పైపులో అయి ఉండాలని రాసిపెట్టింది అందుకే.

ఫిట్టింగుల మరలు (థ్రెడ్లు) దగ్గరే మనవాళ్ల కార్లు ఎక్కువ కారుతాయి. ఇక్కడి షాపుల్లో చేతికి అందేది బీఎస్‌పీ, అంటే బ్రిటిష్ కొలత పైపు మర. అమెరికన్ బాక్సులకూ కూలర్లకూ వచ్చేది ఏఎన్ లేదా జేఐసీ అనే అమెరికన్ కొలత. జర్మన్ బాక్సులకు మెట్రిక్. డ్యాష్ 6 ఏఎన్ మర బయటి కొలత 14.3 మిల్లీమీటర్లు, అంగుళానికి 18 చుట్లు. పావు అంగుళం బీఎస్‌పీ 13.2, 19 చుట్లు. చేతిలో పట్టుకుంటే రెండూ ఒకలాగే అనిపిస్తాయి. తప్పు జత కూడా కుదిరినట్టే అనిపించవచ్చు, పానా పెట్టి ఇంకాస్త బలం ఇస్తే మరలు కొట్టుకుపోతాయి. వెర్నియర్ కాలిపర్, మర గేజు రెండూ వెంట తీసుకెళ్లండి, ఐదు నిమిషాల పని.

మర కుదిరినా కోణం కుదరాలి. ఏఎన్, జేఐసీల మూతి, అంటే రెండు ముక్కలూ ఒకదానికొకటి ఆనే వాలు అంచు, 37 డిగ్రీలు. ఏసీ, బ్రేకు ట్యూబులకు మెకానిక్ దగ్గర ఉండే ఫ్లేరింగ్ టూల్ 45 డిగ్రీలది. 45 డిగ్రీల మూతిని 37 డిగ్రీల మీద బిగిస్తే ఒక సన్నటి గీత మీదే ఆనుతుంది. చల్లగా ఉన్నప్పుడు కారదు. వేడెక్కాక కారుతుంది, బిగిస్తే ఆగుతుంది, మళ్లీ కారుతుంది, చివరికి మూతి చిట్లుతుంది. డ్యాష్ 6 ఇనుప ఫిట్టింగ్ సరైన కోణంలో ఉంటే చేత్తో బిగించాక నట్టు ఆరు పలకల్లో ఒకటీపావు పలక తిప్పితే చాలు. డ్యాష్ 8కి ఒక పలక. అడాప్టర్‌ను ఒక పానాతో పట్టుకుని నట్టును ఇంకో పానాతో తిప్పాలి, లేకపోతే బిగింపు బలం అంతా అల్యూమినియం కేసింగ్ మీద పడుతుంది. బిగించాక పెయింట్ పెన్నుతో నట్టు నుంచి అడాప్టర్ దాకా ఒక గీత గీయండి. ప్రతి పరుగు తర్వాత గీత కలిసే ఉందో లేదో చూస్తే పానా పట్టుకునే అవసరం ఉండదు.

ఈ మూతుల మీద తెల్ల టేపు చుట్టడం మన దగ్గర ఒక జబ్బు. ఏఎన్‌లో ఆయిల్‌ను ఆపేది కోణం, మర కాదు. టేపు తునకలు ఊడి లోపలికి పోయి వాల్వ్ బాడీలో ఇరుక్కుంటాయి. సాగ మర, అంటే చివరికి పోనుపోను సన్నబడే మర, ఉన్న అడాప్టర్లకు మాత్రమే ద్రవ సీలెంట్, అదీ మొదటి రెండు చుట్లు వదిలేసి పూయాలి. టీహెచ్‌400 కేసింగ్‌లో కూలర్ రంధ్రాల మర తిన్ననిది, వాషర్‌తో ఆపేది. దాంట్లో సాగ మర ఫిట్టింగ్ పెట్టి బలంగా బిగిస్తే కేసింగ్ పగులుతుంది. ఆ పగులు వెల్డింగ్‌తో సరిచేయాలంటే బాక్సు మొత్తం విప్పాల్సిందే.

కట్టిన పైపును అలాగే బిగించేయకూడదు. పైపు కోసేటప్పుడు కటింగ్ వీలు నుంచి వచ్చిన రబ్బరు పొడి, జాలీ తీగ ముక్కలు లోపలే ఉంటాయి. పెట్రోలుతో కడిగి, రెండు వైపుల నుంచీ కంప్రెసర్ గాలి కొట్టి, తెల్ల గుడ్డ ముక్కను గాలితో ఇవతల నుంచి అవతలకు నెట్టించండి. గుడ్డ నల్లగా రావడం ఆగేదాకా మళ్లీ మళ్లీ.

పైపు వెళ్లే దారిలో మూడు చోట్లు జాగ్రత్త: ఎగ్జాస్ట్, డ్రైవ్‌షాఫ్ట్, ఇంజిన్ కదిలే చోటు. లాంచ్‌లో ఇంజిన్ ఒక పక్కకు ఒరుగుతుంది, లైను తాడులా బిగుతుగా ఉంటే మూతి దగ్గర లాగుతుంది. బాక్సు దగ్గర కొంచెం వదులు వంపు ఇచ్చి, అక్కడి నుంచి అరమీటరుకొకటి రబ్బరు తొడుగు ఉన్న క్లాంపు వేయండి. ఇనుప జాలీ పైపు చూడ్డానికి అందం, తగిలిన చోట ఆకురాయి. పక్కనున్న వైరింగ్‌నూ అల్యూమినియం పైపునూ నెల రోజుల్లో కోసేస్తుంది. నల్లని నైలాన్ తొడుగు ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి.

కూలర్ విషయానికొస్తే, పలకలు పేర్చిన స్టాక్డ్ ప్లేట్ రకానికే మా ఓటు. ఒకే గొట్టం పాములా మెలికలు తిరిగే రకంలో ఆ గొట్టమే పొడుగాటి ఇరుకు లైను, బయట ఎంత లావు పైపు పెట్టినా అడ్డు లోపలే ఉంటుంది. మే నెలలో వరంగల్‌లో గాలే 44 డిగ్రీలు, రామగుండం వైపు అంతకన్నా ఎక్కువ. ఆయిల్‌కూ గాలికీ ఉన్న తేడాయే కూలర్‌కు బలం, ఎండాకాలంలో ఆ బలం సగం పోయినట్టే. దానికి మందు లావు పైపు కాదు, విడిగా స్విచ్ ఉన్న ఫ్యాను. పిట్‌లో కారు కదలదు, గాలి రాదు. ఫ్యాను లేని కూలర్ ఊరికే బరువు.

ఇంజిన్ ఆపేసి ఫ్యాను తిప్పితే మాత్రం చల్లబడేది కూలర్ లోపల ఉన్న అర లీటరే. గేర్‌బాక్స్ పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది. పరుగు అయ్యాక చక్రాలకు అడ్డాలు పెట్టి, న్యూట్రల్‌లో, రేడియేటర్ ఫ్యానూ కూలర్ ఫ్యానూ వేసి మూడు నాలుగు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి. పార్క్‌లో వద్దు. క్రైస్లర్ పాత టార్క్‌ఫ్లైట్ లాంటి ఆటోమేటిక్ బాక్సుల్లో పార్క్‌లో కన్వర్టర్‌కూ కూలర్‌కూ ఆయిల్ పోదు. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ రోడ్డు మీదుగా ట్రెయిలర్ మీద కారు తెచ్చారంటే కూలర్ రెక్కల్లో దూది పట్టి ఉంటుంది, ముందు మెత్తటి బ్రష్‌తో దులపండి. క్వారీ దుమ్మయితే నీళ్లు కొట్టేముందు గాలి కొట్టాలి, లేకపోతే ముద్దగా అతుక్కుంటుంది.

అంతా బిగించాక ప్రవాహం కొలవకుండా డ్రాగ్ స్ట్రిప్‌కు (రేసు ట్రాక్‌కు) వెళ్లొద్దు. ఆయిల్ లెవెల్ సరిచూసి, ఇంజిన్ వేడెక్కాక ఆపండి. తిరిగొచ్చే లైను బాక్సు దగ్గర విప్పి, లీటరు గీత పెట్టిన ఇనుప డబ్బాలోకి పెట్టి గట్టిగా కట్టండి. ప్లాస్టిక్ సీసా వద్దు, ఆయిల్ కాలుతూ ఉంటుంది. ఒకరు సీట్లో, ఒకరు డబ్బా దగ్గర. న్యూట్రల్‌లో ఐడిల్, సరిగ్గా 20 సెకన్లు, ఆఫ్. లీటరు చుట్టూ పడితే లైను బాగున్నట్టు. సగం పడితే కూలర్‌ను తప్పించి, వెళ్లే లైను నుంచి నేరుగా డబ్బాలోకి పట్టి చూడండి. అప్పుడు లీటరు పడితే ఇరుకు కూలర్‌లోనో, తిరిగొచ్చే లైనులోనో ఉంది. అప్పుడూ పడకపోతే పంపు, రెగ్యులేటర్, కన్వర్టర్ వైపు చూడాలి, పైపు మార్చి లాభం లేదు. ఏ లైను వెళ్లేదో, ఏది వచ్చేదో అనుమానముంటే ఇదే పద్ధతిలో ఒక్క క్షణం స్టార్ట్ చేస్తే తేలుతుంది.

ఇంకొంచెం ఓపికుంటే వెళ్లే మూతి దగ్గరా వచ్చే మూతి దగ్గరా ఒక్కో గేజు పెట్టి, వేడి ఆయిల్‌తో 2500 ఆర్పీఎంలో తేడా చూడండి. ఒకటిన్నర బార్ లోపుంటే హాయి. మూడు దాటితే ఎక్కడో ఐదు మిల్లీమీటర్ల మోచేయి దాక్కుని ఉంది.

కన్వర్టర్ ఒకసారి పగిలిన కారులో పాత కూలర్‌ను కడిగి వాడుకోవాలన్న ఆశ వదిలేయండి. పలకల మధ్య ఇరుక్కున్న ఇనుప రజను ఎంత ఫ్లష్ చేసినా మొత్తం రాదు, కొత్త బాక్సు లూబ్ రంధ్రాల్లోకి మెల్లగా దిగుతూ ఉంటుంది. లైనులో ఫిల్టర్ పెట్టేవాళ్లు బైపాస్ వాల్వ్ ఉన్నదే పెట్టాలి. మూసుకుపోయిన ఫిల్టర్ కూడా ఇరుకు లైనే.

డీఎస్‌జీ (ఫోక్స్‌వ్యాగన్ రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) కార్ల వాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు. ఏడు గేర్ల డీక్యూ200లో క్లచ్‌లు పొడివి, ఆయిల్‌లో మునగవు, అందుకని దానికి కూలర్ లైన్లు పెట్టి వేడి తగ్గించే మార్గం లేదు. ఆరు గేర్ల డీక్యూ250 తడి క్లచ్‌లది, దానికి నీళ్లతో చల్లబరిచే ఎక్స్‌ఛేంజర్ ఇప్పటికే ఉంది. అదనపు కూలర్ పెడితే అడాప్టర్ ప్లేటు రంధ్రం ఎంతో ముందు కొలిచి, దానికి తగ్గ లైను ఎంచుకోండి.

లైను లావయితే ఆయిల్ కూడా కొంచెం ఎక్కువ పడుతుంది. నాలుగు మీటర్ల 8 మిల్లీమీటర్ల లైనులో 0.2 లీటర్లు, 10.3లో 0.33, కూలర్‌ది విడిగా. కూలర్‌ను బాక్సుకన్నా బాగా ఎత్తులో పెట్టినవాళ్లకు రాత్రంతా ఆయిల్ కిందికి దిగి, పొద్దున డిప్‌స్టిక్ ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకె చూసి ఆయిల్ తీసేయకండి. వేడెక్కాక, ఐడిల్‌లో, న్యూట్రల్‌లో చూసిందే లెక్క.